మోచేతికి రంగు తెలియదు

చిన్న బాత్రూమ్‌కు లేత రంగు వేస్తే పెద్దదిగా కనిపిస్తుందట. బల్కంపేటలో ఇల్లు బాగు చేయించబోతే ఈ ముక్క చెప్పనివాళ్లు ఉండరు. రంగుల కొట్టులో కుర్రాడు ఇంకో మెట్టెక్కాడు: "మూడు గోడలు తెలుపు, నాలుగోదానికి ముదురు నీలం కొట్టండి సార్. యాక్సెంట్ వాల్! గదికి లోతొస్తుంది."

లోతు మా పేటకు కొత్తదేమీ కాదు. ఎల్లమ్మ తల్లి నేలకు దాదాపు పదడుగుల దిగువన, బావిలోనే కొలువై ఉంది. ఆషాఢంలో కల్యాణానికి జనం పోటెత్తుతారు. ఆ లోతు ఏ డబ్బాలోంచీ రాలేదు.

ఇంటికొచ్చి టేపు పెట్టాను. నాలుగున్నర బై అయిదు. అంటే 22.5 చదరపు అడుగులు. స్నానానికీ మరుగుదొడ్డికీ ఒకటే గదైతే కనీసం 2.8 చదరపు మీటర్లు, అంటే సుమారు 30 చదరపు అడుగులు ఉండాలంటుంది జాతీయ భవన నిర్మాణ నియమావళి. కట్టినాయన మింగిన ఏడున్నర చదరపు అడుగుల్ని కక్కించే బాధ్యత ఇప్పుడు నాలుగు లీటర్ల డబ్బా మీద పడిందన్నమాట. తెలుపు చూసి కళ్లు మోసపోతాయేమో. వీపు రుద్దుకునేటప్పుడు గోడకు కొట్టుకునే మోచెయ్యి మోసపోదు.

తెలుపు తన మీద పడ్డ వెలుగులో చాలా భాగం తిప్పి పంపుతుంది, నిజమే. ముందు పడాలి కదా! మా వెంటిలేటర్ తెరుచుకునేది డక్ట్‌లోకి. అందులోకి మిట్టమధ్యాహ్నం సూర్యుడు కూడా అడ్రస్ వెతుక్కుంటూ వస్తాడు.

ఇక ముదురు నీలం సంగతి. బోరు నీళ్ల చుక్క ఆరిందంటే ఉప్పు చార. తెల్ల గోడ మీద దాగే ఆ చార నీలం మీద ముగ్గులా మెరుస్తుంది. వారం తిరిగేసరికి యాక్సెంట్‌కే యాక్సెంట్!

పెయింటర్‌ను పిలిచాను. ఏడడుగుల దాకా టైల్స్, పైన మిగిలింది రెండడుగుల పట్టీ. తలెత్తి చూసి నవ్వాడు. "గీ జాగకు రెండు రంగులెందుకు సార్? ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టియ్యండి, తడి ఆరుతది. గోడ ఆరకుంటే ఏ రంగుకైనా పొక్కులొస్తయి."

అంతటితో ఆగక సీలింగ్ మూలకు వేలు చూపించాడు. పైఫ్లాట్ బాత్రూమ్ కింద పల్లంగా పోసిన సంకెన్ స్లాబ్‌లోంచి దిగిన తడి అక్కడ టీ డికాషన్ రంగులో మరక గీసింది. షేడ్ కార్డు ఆసాంతం తిరగేశాను, అందులో ఆ రంగు లేదు. పైసా ఖర్చు లేకుండా నాకు దక్కిన అసలు యాక్సెంట్ అదే.

గదికి తెలుపు వేయించాను. టేపు మళ్లీ పెట్టాను. గది అంతే ఉంది. మరక మాత్రం పోయిన నెల జానెడు, ఈ నెల మూరెడు. అది పెద్దదిగా కనిపించడం కాదు, పెద్దదే అయింది.