ఓట్ల ముందు పూచే శాంతి

1972 అక్టోబరు 26న వైట్‌హౌస్‌లో విలేకరుల ముందుకు వచ్చి, వియత్నాంలో శాంతి చేతికందే దూరంలో ఉందని అధ్యక్షుడు నిక్సన్ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ ప్రకటించాడు. అమెరికాలో పోలింగు నవంబరు 7న. పదేళ్ల పైబడి దొరకని శాంతి సరిగ్గా పన్నెండు రోజుల ముందు దొరికింది. మన ఎన్నికల కమిషన్ అక్కడుంటే కోడ్ ఉల్లంఘన కింద నోటీసిచ్చేది.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటాం కదా, ఇక్కడ ఆలి ఉంది, కానీ పెళ్లికి ఒప్పుకోలేదు. దక్షిణ వియత్నాం అధ్యక్షుడు న్గుయెన్ వాన్ థ్యూ ఆ ఒప్పందం ముసాయిదాను కిసింజర్ ముఖం మీదే తోసిపుచ్చి అప్పటికి మూడు నాలుగు రోజులు. అందులోని అంశాలను హనోయ్ రేడియో బయటపెట్టేసింది కాబట్టి ఏదో ఒకటి చెప్పక తప్పని రోజు అది. చెప్పాడు. నిక్సన్ 49 రాష్ట్రాల్లో గెలిచాడు. ఓట్ల లెక్కింపు అయ్యాక శాంతి మళ్లీ చేతికందనంత దూరం జరిగింది.

నిక్సన్ మనుషులకే ఈ విద్య తెలుసనుకుంటే ఆయనకు ముందు అధ్యక్షుడైన జాన్సన్‌కు అన్యాయం చేసినట్టే. 1968 అక్టోబరు 31 రాత్రి ఆయన టీవీలో కనబడి ఉత్తర వియత్నాం మీద బాంబులు ఆపేస్తున్నానన్నాడు. పోలింగు నవంబరు 5న. ఆయన పార్టీ అభ్యర్థి హంఫ్రీ గ్రాఫు చకచకా పైకి లేచింది. నవంబరు 2న థ్యూ, మేం పారిస్ చర్చలకు రామంటూ మొరాయించాడు. నిక్సన్ గెలిస్తే మీకు ఇంతకంటే మంచి బేరం కుదురుతుంది, కాస్త ఓపిక పట్టండి అని ఆయన శిబిరం నుంచి అన్నా షెనాల్ట్ అనే ఆవిడ ద్వారా సైగాన్‌కు కబురు వెళ్లింది. ఈ సంగతి జాన్సన్‌కు తెలుసు. మిత్రదేశపు రాయబార కార్యాలయం ఫోన్లు దొంగచాటుగా వింటున్నాడు కనుక తెలుసు. బయటపెడితే తన దొంగతనమూ బయటపడుతుంది. ఒక పక్షం శాంతిని ఎన్నికలకు ముందుకు జరిపింది, ఇంకో పక్షం ఎన్నికల తర్వాతకు జరిపింది, ఇద్దరూ దేశభక్తి కొద్దీ నోరు మూసుకున్నారు. నిక్సన్ ఆ మాట చివరిదాకా కాదన్నాడు. ఆయన సహాయకుడు హాల్డెమన్ చేతిరాతలో అసలు ఆదేశం బయటికొచ్చేసరికి నిక్సన్ పోయి ఇరవై ఏళ్లు దాటింది.

సరే, చర్చలు మొదలయ్యాయి. ఏ విషయం మీద? బల్ల మీద. బల్ల మీద పెట్టిన కాగితాల మీద కాదు, బల్ల ఆకారం మీద.

హనోయ్‌కు నాలుగు వైపులున్న బల్ల కావాలి. నాలుగు వైపులుంటే నాలుగు పక్షాలు, దక్షిణాది గెరిల్లాల ఫ్రంటు కూడా సమానంగా కూర్చున్నట్టు. సైగాన్‌కు రెండే వైపులు కావాలి. రెండుంటే గెరిల్లాలు హనోయ్ తోకే గాని వేరే పక్షం కాదు. దీని మీద వారాల తరబడి పారిస్‌లో మహామహులు పెన్సిళ్లు చెక్కుకుని గీతలు గీశారు. దీర్ఘ చతురస్రం, అర్ధచంద్రాలు, విరిగిన వృత్తం. పక్కన యుద్ధం తన పని తాను చేసుకుపోతూనే ఉంది. ఆ ఒక్క 1968లోనే 16 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు చచ్చిపోయారు, వియత్నామీయుల లెక్క తీసేంత తీరిక ఎవరికుంది? చివరికి 1969 జనవరి 16న రాజీ కుదిరింది. గుండ్రటి బల్ల ఒకటి. దానికి అటొకటి ఇటొకటి గుమస్తాలకు చిన్న బల్లలు, సరిగ్గా 45 సెంటీమీటర్ల దూరంలో. జెండాలుండవు, పేరు పలకలుండవు. రెండనుకున్నవాడికి రెండు పక్షాలు, నాలుగనుకున్నవాడికి నాలుగు. దౌత్య చరిత్రలో వడ్రంగికి దక్కిన అతి పెద్ద విజయం ఇదే.

మనకు ఇదేమీ వింత కాదనుకోండి. సాయం అడగడానికి వెళ్లి, నిద్రపోతున్న కృష్ణుడి తల వైపు దుర్యోధనుడు, కాళ్ల వైపు అర్జునుడు ఎందుకు కూర్చున్నారో రాత్రంతా మేలుకుని రాయబారం నాటకం చూసిన ప్రతి పల్లెకూ తెలుసు. కూర్చునే చోటులోనే సగం కథ ఉంటుంది. కాకపోతే ఆ కృష్ణుడు కళ్లు తెరిచాక పని తేల్చేశాడు. పారిస్‌లో బల్ల తేలాక యుద్ధం ఇంకా నాలుగేళ్లు నడిచింది.

ఆ నాలుగేళ్లూ నడిచిన మాటల వ్యవహారం చూడండి. బహిరంగ చర్చలు వారానికోసారి మెజెస్టిక్ హోటల్లో, ఫొటోల కోసం. అసలు చర్చలు పారిస్ శివార్లలో కిసింజర్‌కూ హనోయ్ తరఫు లె డక్ థోకూ మధ్య రహస్యంగా. అంతకంటే రహస్యంగా 1969 మార్చి నుంచి కాంబోడియా మీద బి-52లు బాంబులు కురిపించాయి. ఆ దాడులకు పెట్టుకున్న పేర్లు బ్రేక్‌ఫాస్ట్, లంచ్, స్నాక్, డిన్నర్, సప్పర్, డిజర్ట్. నేను కల్పించలేదు. పేలినచోటు కాంబోడియా, రికార్డులో రాసినచోటు దక్షిణ వియత్నాం. యుద్ధకాలంలో అన్నీ చెప్పలేం, శత్రువుకు ఉప్పందుతుంది అని నాయకులు ఎప్పుడూ అంటారే, ఆ మాటను ఇక్కడ పెట్టి చూడాలి. బాంబు ఎక్కడ పడిందో హనోయ్‌కు తెలుసు. నెత్తిన పడ్డ కాంబోడియా రైతుకు ఇంకా బాగా తెలుసు. రహస్య చర్చల సంగతి ఎదురుగా కూర్చున్న లె డక్ థోకు తెలియకుండా ఉంటుందా? ఇంతమందికి తెలిసిన విషయం తెలియనిది ఒక్కడికే: పన్ను కట్టి ఆ బాంబు కొనిచ్చిన అమెరికా ఓటరుకు.

హనోయ్ మాత్రం సత్యహరిశ్చంద్రుడా? దక్షిణాన మా సైన్యమే లేదు పొమ్మని ఏళ్ల తరబడి చెప్పింది. లేని ఆ సైన్యాన్ని ఉన్నచోటే ఉంచుకునేలా ఒప్పందంలో రాయించుకుంది, దాని పేరెత్తకుండా. ఇంత నేర్పుకు ముచ్చటేస్తుంది.

ఎన్నికలయ్యాక వచ్చిన డిసెంబరులో చర్చలు చెడ్డాయి. 18 నుంచి హనోయ్, హైఫాంగ్‌ల మీద బి-52లు మొదలయ్యాయి. క్రిస్మస్‌కు విరామం ఇచ్చారు, పుణ్యాత్ములు. మర్నాడు 26న హనోయ్‌లోని ఖామ్ థియెన్ వీధిలో రెండు వందల మందికి పైగా జనాన్ని చంపారు. బాక్ మై ఆసుపత్రి మీదా బాంబులు పడ్డాయి. శాంతి చేతికందిందని చెప్పడానికి అంత ఉత్సాహంగా వచ్చినవాళ్లలో ఒక్కరూ దీని గురించి దేశానికి చెప్పడానికి టీవీ ముందుకు రాలేదు. టైమ్ పత్రిక మాత్రం ఆ ఏటి మేటి వ్యక్తులుగా నిక్సన్‌నూ కిసింజర్‌నూ కలిపి అట్ట మీద వేసింది.

1973 జనవరి 27న సంతకాలు. అదీ ఒకసారి కాదు. గెరిల్లాల ప్రభుత్వం పేరున్న కాగితం మీద సంతకం చేయనని సైగాన్ భీష్మించింది. అందుకని పొద్దున ఎవరి పేరూ లేని ఒప్పందం మీద నలుగురు, మధ్యాహ్నం పేర్లున్న ఒప్పందం మీద ఇద్దరు. షరతులు చూస్తే, అక్టోబరు ముసాయిదాకూ దీనికీ ఉన్న తేడా వెతకడానికి భూతద్దం కావాలి. దీన్నే నిక్సన్ గౌరవప్రదమైన శాంతి అన్నాడు. కన్యాశుల్కంలో తాంబూలాలిచ్చాక అగ్నిహోత్రావధానులు ఏమన్నాడో మీకు గుర్తుండే ఉంటుంది. వియత్నామీయులు ఆ సలహా పాటించారు. కాల్పుల విరమణను కనిపెట్టి చూడ్డానికి వేసిన కొత్త కమిషన్‌లోంచి కెనడా ఆరు నెలలకే దండం పెట్టి వెళ్లిపోయింది. 1954 నాటి పాత కమిషన్‌కు అధ్యక్షత వహించింది మనమే కాబట్టి, ఈసారి మనల్ని పిలవనందుకు ఢిల్లీ కొబ్బరికాయ కొట్టుకుని ఉండాల్సింది.

ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి కిసింజర్‌కూ లె డక్ థోకూ కలిపి ఇచ్చారు. కమిటీలో ఇద్దరు సభ్యులు రాజీనామా చేశారు. శాంతి ఇంకా రాలేదు కదా అని లె డక్ థో బహుమతి వద్దన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరైనా బహిరంగంగా పలికిన నిజం ఇదొక్కటే, అదీ కోటి ఎత్తులు వేసిన మనిషి నోట.

ఒప్పందానికి హనోయ్ తూట్లు పొడిస్తే గట్టిగా బుద్ధి చెబుతామని నిక్సన్ థ్యూకు ఉత్తరాలు రాసిచ్చాడు. అమెరికన్ కాంగ్రెస్‌కు మాత్రం ఆ ఉత్తరాలు చూపించలేదు. 1975 ఏప్రిల్‌లో థ్యూ వాటిని పట్టుకుని కూర్చునేసరికి సంతకం పెట్టినాయన పదవి పోగొట్టుకుని కాలిఫోర్నియాలో ఉన్నాడు. ఇండోచైనాలో యుద్ధానికి డబ్బివ్వం అని కాంగ్రెస్ చట్టం చేసి రెండేళ్లు కావస్తోంది. థ్యూ టీవీలో అమెరికాను తిట్టిపోసి రాజీనామా చేశాడు. ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది. ఆ వెంటనే కిసింజర్ ఓస్లోకు కబురు పెట్టాడు, నా బహుమతి వెనక్కి తీసుకోండని. కుదరదని జవాబొచ్చింది.