పద్దులు పక్కా, గల్లాపెట్టె ఖాళీ

ఐక్యరాజ్యసమితికి 2006లో పద్దుల మీద శ్రద్ధ కలిగింది. అప్పటిదాకా సొంత పద్ధతిలో రాసుకున్న చిట్టాఆవర్జాలను కట్టిపెట్టి ఇప్సాస్ అనే అంతర్జాతీయ ప్రభుత్వరంగ అకౌంటింగ్ ప్రమాణాలకు మారాలని జనరల్ అసెంబ్లీ తీర్మానించింది. పేరుకు ఇవి ప్రభుత్వరంగ ప్రమాణాలే గానీ, వీటి పుట్టిల్లు కంపెనీల లెక్కలే. ప్రపంచ ఆహార కార్యక్రమం 2008లోనే మారిపోయింది. న్యూయార్క్ సచివాలయానికి మాత్రం 2014 దాకా ముహూర్తం కుదరలేదు.

మారాక వచ్చిన విచిత్రాలు కొన్ని చూడముచ్చటగా ఉంటాయి. ఏదైనా దేశం ఉచితంగా భవనం ఇచ్చిందనుకోండి. కట్టని అద్దెను మార్కెట్ రేటుకు లెక్కగట్టి, దాన్నే ఇటు ఆదాయంగానూ అటు ఖర్చుగానూ రాస్తారు. పైసా కదలదు, పద్దు మాత్రం రెండు వైపులా నిండుతుంది. అలాగని అంతా వేళాకోళమేమీ కాదు. రిటైరైన ఉద్యోగుల వైద్య బీమాకు మున్ముందు కట్టాల్సిన వందల కోట్ల డాలర్లు ఈ ప్రమాణాల పుణ్యమా అని బ్యాలెన్స్ షీట్‌కెక్కాయి. ఆ భారం పాతదే, కళ్లబడటమే కొత్త.

అసలు తంటా సభ్యదేశాల నుంచి రావలసిన చందాలతో. కంపెనీ అయితే బాకీ తీర్చనివాడికి సరుకు ఆపేస్తుంది, నోటీసిస్తుంది, కోర్టుకీడుస్తుంది. ఇక్కడ అందరికన్నా పెద్ద బాకీదారు అమెరికా. ప్రధాన కార్యాలయం ఉన్నది అక్కడే, పైగా భద్రతామండలిలో దానికి వీటో కూడా ఉంది. చార్టర్ 19వ అధికరణం ప్రకారం బకాయి రెండేళ్ల చందాకు చేరితే జనరల్ అసెంబ్లీలో ఓటు పోతుంది. వీటో జోలికి ఎవరూ పోరు.

ఆ ఓటైనా ఊడిందా అంటే, 1964 నాటి సంగతి చెప్పుకోవాలి. శాంతిదళాల ఖర్చుతో తమకేం సంబంధమంటూ సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ మొండికేశాయి. ఓటింగ్ పెడితే సోవియట్‌ను ఓటెయ్యొద్దనాలి, అది లేచిపోతే ఎట్లా? అందుకని ఆ సమావేశాలను దాదాపు మొత్తం ఓటింగ్ ఊసెత్తకుండా ఏకాభిప్రాయం పేరిట లాగించేశారు. బాకీదారు మనసు నొప్పించడం ఇష్టంలేక బ్యాలెట్‌నే అటకెక్కించిన సంస్థ ఇంకెక్కడైనా ఉందో లేదో!

చందాలు సరిగా రాక 2019 అక్టోబరుకు డబ్బు నిండుకుంది. న్యూయార్క్ కార్యాలయంలో ఎస్కలేటర్లు ఆపారు, ఫౌంటెన్ కట్టేశారు. రాయబారులు మెట్లెక్కారు. ఆ ఏటి లెక్కలు మాత్రం సక్రమంగానే ఉన్నాయని ఆడిటర్లు సర్టిఫై చేశారు. నిజమే, లెక్కల్లో తప్పేం లేదు, లేనిది డబ్బే.

దీనికి తోడు ఇంకో నిబంధన ఉంది. బడ్జెట్‌లో ఖర్చుకాని మొత్తాన్ని సభ్యదేశాలకు తిరిగి జమ చెయ్యాలి. చందాలు రాక ఖర్చు ఆగినా సరే, పద్దుల్లో అది మిగులే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, రాని సొమ్ము మిగిలిందట, దాన్ని వాపసు చెయ్యాలట! సెక్రటరీ జనరల్ గుటెరస్ దీనిమీద బహిరంగంగానే మొరపెట్టుకున్నారు. నిబంధన మార్చాల్సింది జనరల్ అసెంబ్లీ. అందులో కూర్చునేది ఆ వాపసు జమయ్యే దేశాలే.