కాంబో ఆఫర్‌లో నాన్న గుండె

సెప్టెంబర్ 29 ప్రపంచ గుండె దినం. చీరల దుకాణాలకు ఆషాఢం ఎలాగో, కార్పొరేట్ ఆసుపత్రులకు ఆ వారం అలాగ. ఫ్లెక్సీ మీద డాక్టరుగారు చేతులు కట్టుకుని నవ్వుతుంటారు. పక్కనే కొట్టేసిన పాత ధర, కింద ఎర్రక్షరాల్లో కొత్త ధర. ఈసీజీ, ఎకో, టీఎంటీ, సంచెడు రక్తపరీక్షలు. పరగడుపున రావాలి కనుక ఇడ్లీ ఉచితం. దంపతులుగా వస్తే ఇంకాస్త తగ్గింపు. అరవై దాటిన ఆలుమగలు జంటగా బయటికెళ్లి ఎన్నాళ్లయిందో! ఆ ముచ్చట కూడా ఆసుపత్రే తీరుస్తోంది.

కొనేది నాన్నగారు కాదు. డాలస్‌లోనో బెంగళూరులోనో ఉన్న కొడుకు. పండక్కి రాలేదన్న బరువు ఉన్నది వాడి గుండెలో, పరీక్ష మాత్రం నాన్న గుండెకు. బెంగళూరు కొడుకు పాత పద్ధతిలో పన్ను కట్టేవాడైతే 80డీ కింద 5,000 దాకా మినహాయింపు. పితృభక్తికి సర్కారువారి రాయితీ అన్నమాట.

రిపోర్టు వాట్సాప్‌లో దిగుతుంది. డెబ్బై ఏళ్ల మనిషికి ఎకో తీస్తే ఏదో ఒకటి కనబడక మానదు. ‘గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్’ అంటే చాలావరకు వయసుతో గుండె కండరం కాస్త బిరుసెక్కిందని. ‘ట్రివియల్ ఎంఆర్’ అంటే కవాటం దగ్గర కాసింత రక్తం వెనక్కి వస్తోందని. నిక్షేపంలా తిరిగేవాళ్లలో ఎందరికో ఉంటుంది. ఫ్యామిలీ గ్రూపులో మాత్రం అది ‘నాన్న గుండెలో లీకు’. సాయంత్రానికి వైజాగ్ పిన్ని ఫోను: “లీకంట కదక్కా, బావగారిని మెట్లెక్కనీకు!” దాంతో ఆయన గుండె కోసం రోజూ చేస్తున్న ఒకే ఒక్క మంచిపని, పొద్దుటి నడక, బంద్.

టీఎంటీది ఇంకో కథ. మోకాళ్లు అరిగిన మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కిస్తారు. గుండె వేగం కావలసినంత పెరగలేదు కనుక తేల్చలేమంటారు. తేలలేదు కనుక సీటీ. సీటీలో కాల్షియం కనబడింది కనుక యాంజియో. అందులో బ్లాకు కనబడగానే, నాన్న టేబుల్ మీద ఉండగానే, కొడుక్కి ఫోను: “ఇప్పుడే స్టెంటు వేసేద్దామా?” ఆ క్షణాన వద్దనగల కొడుకు ఇంకా పుట్టలేదు.

గుండెపోటు వచ్చిన మనిషిని స్టెంటు కాపాడుతుంది. తరచూ నొప్పితో బాధపడేవాడికి ఊరటనిస్తుంది. కాదనేవాడు మూర్ఖుడు. కానీ జబ్బు నిలకడగా ఉన్నవాళ్లలో, మందులు సరిగ్గా వాడుతుంటే, స్టెంటు వల్ల అదనంగా చావులు తగ్గవని 2007లో ‘కరేజ్’ అధ్యయనం చెప్పింది. ఐదువేల మందికి పైగా రోగులను పరిశీలించి 2020లో ‘ఇస్కీమియా’ కూడా అదే తేల్చింది. అయినా మన ఊళ్లో ఎన్ని స్టెంట్లుంటే అంత పరువు.

డెన్మార్క్ వాళ్లు 65–74 ఏళ్ల మగవాళ్లను 46 వేల మందికి పైగా తీసుకున్నారు. కొందరిని సీటీతో సహా పరీక్షలకు పిలిచారు, మిగతావాళ్ల జోలికి పోలేదు. ఐదేళ్లు దాటాక లెక్క చూస్తే, మరణాల్లో గట్టిగా చెప్పుకోదగ్గ తేడా తేలలేదని 2022లో ప్రకటించారు. పాపం, డిస్కౌంటు ఫ్లెక్సీ పెట్టడం మరిచిపోయి ఉంటారు! ముప్పు తక్కువగా ఉండి ఏ బాధా లేనివాళ్లకు ఈసీజీతో జల్లెడ పట్టొద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2018లోనే చెప్పింది. డాలస్ ఉన్నది ఆ దేశంలోనే.

మరి నిజంగా పనిచేసే దేనికీ ఫ్లెక్సీ ఎందుకు లేదు? బీపీ 160 కనబడితే “డాక్టర్ని చూసి కంగారుపడ్డాను” అంటారు నాన్నగారు. మాత్ర మొదలెట్టి 130కి రాగానే “తగ్గిపోయిందిగా” అని మానేస్తారు. తగ్గించింది ఆ మాత్రేనని ఆయనకు చెప్పే ప్యాకేజీ లేదు. జన ఔషధి దుకాణంలో ఎమ్లోడిపిన్ నెలకు మసాలా దోసె ఖరీదు చేయదు. దాని మీద ఎవరికి ఏం మిగులుతుంది? రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే ఒక చెంచా. ఇడ్లీలోకి కారప్పొడి, పప్పన్నంలోకి ఆవకాయ, మజ్జిగలోకి ఊరమిరపకాయ. చెంచా ఎప్పుడో దాటేశాం. ఇక చుట్ట మానమని పెద్దాయనతో అనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. వేలు పోసి ప్యాకేజీ కొనే ధైర్యం అందరికీ ఉంది.

పక్కింటాయన వేసుకుంటున్నాడని ఆస్పిరిన్ మింగేవాళ్లది మరో ప్రహసనం. 70 దాటిన ఆరోగ్యవంతులకు దానివల్ల రక్తస్రావమే పెరిగింది, ఆయుష్షు పెరగలేదు. ఇదీ 2018లో తేలిన మాటే. (స్టెంటు పడినవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు ఇది చదివి మానేయకండి, మీ లెక్క వేరు.)

అన్నిటికన్నా వింత ఇది. ఏ బాధా లేని నాన్నకు సీటీ తీయిస్తాం. ఛాతీ పట్టేసి చెమటలు కారుతున్న నాన్నకు గ్యాసని సోడా తాగిస్తాం. పరుగెత్తాల్సింది అప్పుడు. 108కి ఫోను చేయాల్సింది అప్పుడు.

బాబూ, ఈసారి ప్యాకేజీ బుక్ చేయకు. జబ్బకు పట్టీ చుట్టే బీపీ మిషను ఒకటి కొనిపెట్టు. ఆదివారం ఫోను చేసినప్పుడు “నాన్నా, బీపీ ఎంతుంది? మాత్ర వేసుకున్నావా?” అని అడుగు. అమ్మనూ అడుగు, ఆవిడ బీపీ ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు.