దీపమొకటి, దొరలు ముగ్గురు

తిరుత్తణి ఎవరిదో తేల్చడానికి రెండు రాష్ట్రాలకు ఏడేళ్లు పట్టింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండిపోయిన ఆ తాలూకా కోసం అటు తమిళుల తరఫున మ.పొ. శివజ్ఞానం ఉద్యమం నడిపారు, ఇటు మనవాళ్లు ససేమిరా అన్నారు. చివరికి హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిగా వచ్చారు. గ్రామాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని, ఏ ఊళ్లో ఏ భాషవాళ్లు ఎక్కువో చూసి, సరిహద్దు గీశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, సత్యవేడు వైపు ఊళ్లు మనకొచ్చాయి. ఏడ్చినవాళ్లు ఏడ్చారు, నవ్వినవాళ్లు నవ్వారు. కానీ మర్నాటి నుంచి శిస్తు ఏ కచేరీలో కట్టాలన్న అనుమానం మాత్రం ఎవరికీ రాలేదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్ తెర వెనక వెలిగే దీపం సంగతికి వద్దాం. ఇక్కడ తాలూకాలు లేవు, భాషలు లేవు, నిరాహారదీక్షలు లేవు. ఉన్నది ఒకే ఒక్క దీపం. దాన్ని పెంచే తగ్గించే హక్కు ఎవరిదో తేల్చడానికి ప్రపంచ మేధావులకు పదేళ్లు పట్టింది. పటాస్కర్ గారు బతికుంటే ఫైలు చూసి దండం పెట్టి వెళ్లిపోయేవారు.

ముందుగా ఈ దీపం ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఎల్‌సీడీ తెరకు సొంత వెలుగు లేదు. వెనక వరసగా ఉన్న ఎల్‌ఈడీలే దాని వెలుగంతా. తెర మీద నల్లరంగు వేసి ‘ఆపేశాను’ అనుకుంటే అది భ్రమ. నలుపు వెనక దీపం నిక్షేపంగా మండుతూనే ఉంటుంది, బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. కంప్యూటరు పెద్ద పనేమీ చేయకుండా ఊరికే తెరిచి ఉన్నప్పుడు కరెంటు ఎక్కువగా తినేవాళ్లలో ఈ దీపానిది ముందు వరస. కాబట్టి దాన్ని నిజంగా ఆర్పడం, నిజంగా తగ్గించడం డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము బాధ్యత. బాధ్యత అన్నాను కదా, కథ అక్కడే మొదలవుతుంది.

ఈ దీపంతో, ఇప్పుడు తిరుత్తణి ఉన్న తిరువళ్లూరు జిల్లాకు చుట్టరికం ఉంది. 2011 సెప్టెంబరు 15న జయలలిత విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకాన్ని ఈ జిల్లాలోనే ప్రారంభించారు. ఐదేళ్లలో 68 లక్షల ల్యాప్‌టాప్‌లని లక్ష్యం. కొనుగోలు బాధ్యత రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఎల్కాట్‌ది. కొన్ని విడతల్లో విండోస్ పక్కనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేసి ఇచ్చారు. మరుసటి ఏడాదే తమిళనాడును కరెంటు కోతలు కమ్ముకున్నాయి. పిల్లల ఒళ్లో ల్యాప్‌టాప్ ఉంది, గోడకున్న ప్లగ్గులో కరెంటు లేదు. అదే జిల్లాలో అత్తిపట్టు దగ్గర ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం ఉంది, వల్లూరులో 500 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నది ఇలాంటి చోట పుట్టిన మాటే అయుండాలి. అలాంటి రోజుల్లో బ్యాటరీ ఇంకో అరగంట లాగడమంటే ఓ పాఠం పూర్తవడం. దీపం తగ్గించే మీట పనిచేస్తుందా లేదా అన్నది అప్పుడు నిపుణుల ముచ్చట కాదు, చదువు సమస్య.

మరి ఆ మీట ఎవరి చేతిలో ఉంది?

లినక్స్‌లో బ్యాక్‌లైట్ అనే ఫోల్డరు తెరిచి చూస్తే ముగ్గురు దొరలు కుర్చీలు వేసుకుని కూర్చుని ఉంటారు. మొదటాయన ఫర్మ్‌వేర్ దొర. మదర్‌బోర్డుతో పాటే పుట్టినవాడు, ఏసీపీఐ అనే శాస్త్రం చదివినవాడు. రెండో ఆయన ప్లాట్‌ఫామ్ దొర, ల్యాప్‌టాప్ కంపెనీ తాలూకు ప్రత్యేక ప్రతినిధి. మూడో ఆయన రా దొర, గ్రాఫిక్స్ చిప్పులోని రిజిస్టర్లను నేరుగా చేత్తో తిప్పగలవాడు. దీపం ఒకటే. దరఖాస్తు ఎవరికి పెట్టాలి? దానికి లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ రూల్ బుక్కులో సమాధానం ఉంది: ఒకే తెరకు పలువురు దొరలున్నప్పుడు సాధారణంగా ఫర్మ్‌వేర్‌కు మొదటి పీట, తర్వాత ప్లాట్‌ఫామ్‌కు, ఆఖరున రా దొరకు. ఈ ‘సాధారణంగా’ అన్న మాటలోనే సర్కారు పరిపాలన సారమంతా ఉంది.

2012 అక్టోబరులో విండోస్ 8 వచ్చింది. అందులో దీపం పెత్తనం గ్రాఫిక్స్ డ్రైవరు చేతికి పోయింది. అంటే రా దొరకు పట్టాభిషేకం జరిగింది. ఇక ఫర్మ్‌వేర్ దొరను అడిగే నాథుడు లేడు. అడిగేవాడు లేనప్పుడు పని సరిగ్గా చేసేవాడూ ఉండడు. చాలా కంపెనీలు ఆ భాగాన్ని పరీక్షించకుండానే సరుకును బజారుకు తోలాయి. లినక్స్ మాత్రం రూల్ బుక్కు ప్రకారం ఫర్మ్‌వేర్ దొరకే వంగి వంగి దండాలు పెట్టింది. ఫలితం? మీట నొక్కితే తెర మీద సూర్యుడి బొమ్మ వస్తుంది, పక్కనే గీత అందంగా పెరుగుతుంది, తగ్గుతుంది. దీపం మాత్రం ఇసుమంతైనా కదలదు. అర్జీ అందింది, రసీదు ఇచ్చారు, పని జరగలేదు.

ఇక్కడ ఇంకో ముచ్చట. ‘నువ్వెవరు? విండోస్ 8వా?’ అని ఫర్మ్‌వేర్ అడుగుతుంది. లినక్స్ ‘చిత్తం, నేనే’ అంటుంది. ‘నువ్వు లినక్స్‌వా?’ అని అడిగితే ‘ఛ, ఆ పేరే వినలేదు’ అంటుంది. సొంత పేరు దాచడం 2007లో వచ్చిన 2.6.23 కెర్నెల్ నుంచీ ఉన్న వరసే. నిజం చెబితే, ఎవరూ పరీక్షించని దారిలోకి ఫర్మ్‌వేర్ తోసేస్తుందని భయం. సరిహద్దు తాలూకాల్లో ఇంట్లో తెలుగు, కచేరీలో తమిళం మాట్లాడి పని చేయించుకోవడం మనవాళ్లకు తెలిసిన విద్యే. కానీ అక్కడ కనీసం పని జరుగుతుంది. ఇక్కడ అబద్ధం చెప్పినందుకే దీపం మొండికేసింది. దాంతో జనం కంప్యూటరు లేచేటప్పుడు చదివే బూట్ లైన్లోకి వెళ్లి ‘అయ్యా, నేను విండోస్ 2012ని (ఫర్మ్‌వేర్ లెక్కలో విండోస్ 8 పేరు ఇదే) కానే కాను’ అని ప్రమాణపత్రం రాసుకోవలసి వచ్చింది. వెలుగు తగ్గించడానికి తాను ఎవరు కాదో రాసివ్వడం అనే సంప్రదాయం రెవెన్యూ శాఖకు కూడా తట్టలేదు.

సరే, దొర దొరికాడనుకుందాం. ఎంత వెలుగు కావాలో చెప్పాలి కదా. ఒక యంత్రంలో గరిష్ఠం 7. ఇంకో దాంట్లో 15. వేరే దాంట్లో 100, మరో దాంట్లో 255. ఇంకొన్నింట్లో వేలల్లో ఉంటుంది. 7 అంటే 7 ఏమిటి? వాట్లా, శాతమా, క్యాండిలా? ఏమీ కాదు. ఉట్టి అంకె. పైగా మన కన్ను మొదటి మెట్ల దగ్గర చిన్న తేడాను కూడా పట్టేస్తుంది, పైమెట్ల దగ్గర పెద్ద తేడాను కూడా గమనించదు. అందుకని ఆ అంకెలు సమానంగా పెరుగుతాయా, కంటికి తగ్గట్టు పెరుగుతాయా అని చెప్పడానికి 2019లో కొత్త ఫైలు పెట్టారు. అందులో మూడు జవాబులకు అనుమతి ఉంది: సమానం, అసమానం, తెలియదు. మూడో జవాబును అధికారికంగా గుర్తించిన ఆ నిజాయితీకి చేతులెత్తి మొక్కాలి. మన ఆఫీసుల్లో ‘తెలియదు’ అని చెప్పడానికి ఇంకా ఫారం రాలేదు.

ఇంకో రెండు ఫైళ్లున్నాయి. ఒకటి మీరు అడిగిన వెలుగు, రెండోది అసలు వెలుగుతున్న వెలుగు. మంజూరైంది ఒకటి, ముట్టింది ఒకటి అని సాక్షాత్తూ వ్యవస్థే రెండు ఖాతాలు పెట్టుకుందంటే దాని లోకజ్ఞానాన్ని మెచ్చుకోవాలి. తేడా వస్తే సంజాయిషీ ఎవరివ్వాలో మాత్రం ఏ ఖాతాలోనూ లేదు.

ఇక సున్నా. ఆర్యభటుడి గడ్డ మీద పుట్టినవాళ్లం కాబట్టి సున్నా అంటే ఏమిటో మనకు తెలుసనుకుంటాం. డ్రైవర్లను అడగండి. కొందరికి సున్నా అంటే దీపం ఆరిపోవడం. కొందరికి సున్నా అంటే అతి తక్కువ వెలుగు. తేడా ఏమంత పెద్దదని మీరనచ్చు. రాత్రి పూట కళ్లు మండి మీట నొక్కుతూ పోయిన పిల్లాడికి తెలుస్తుంది. ఒక యంత్రంలో మసకగా కనిపిస్తుంది. ఇంకో యంత్రంలో గుడ్డి చీకటి, అందులో మళ్లీ పెంచే మీట ఎక్కడుందో వెతుక్కోవాలి. కంప్యూటరు ఆపితే ఆ చీకటినే విశ్వాసంగా గుర్తుపెట్టుకుని పొద్దున్నే మళ్లీ చీకట్లోనే లేవగల ఏర్పాటు ఇది. చివరికి లినక్స్‌ను లేపి నడిపించే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాము వాళ్లు జోక్యం చేసుకుని, గరిష్ఠంలో కనీసం 5 శాతమో, ఒక్క మెట్టో వెలుగు లేకుండా తెర లేవకూడదని హద్దు పెట్టారు. సున్నాకు అర్థం తేల్చలేక సున్నా దగ్గరికే వెళ్లొద్దన్నారు.

‘అయితే ఆర్పడానికి వేరే మీట లేదా?’ ఎందుకు లేదు, 2005 నుంచీ ఉంది. దాని పేరు బీఎల్ పవర్. దీపం వెలగాలంటే 0 రాయాలి. ఆరాలంటే 4 రాయాలి. అవును, సరిగ్గానే చదివారు. పక్క ఫైల్లో సున్నా అంటే కొన్నిచోట్ల చీకటి. ఈ ఫైల్లో సున్నా అంటే వెలుగు. మధ్యలో 1, 2, 3 ఏమయ్యాయి? అవి పాత లావుపాటి పిక్చర్ ట్యూబు మానిటర్ల కాలం నాటివి. అడ్డ సంకేతం ఆపితే ఒక నిద్ర, నిలువు సంకేతం ఆపితే ఇంకో నిద్ర అని 1993లో వెసా (VESA) సంస్థ రాసిన డీపీఎంఎస్ ప్రమాణం నాటి లెక్క అది. ట్యూబులు పాతసామాన్ల కొట్టుకు చేరినా వాటి అంకెలకు పింఛను ఆగలేదు. 2024లో డెవలపర్లు వీటికి బ్యాక్‌లైట్ పవర్ ఆన్, ఆఫ్ అని కొత్త పేర్లు పెట్టారు. అంకెలు మాత్రం 0, 4 గానే ఉన్నాయి. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదు కదా. పేరు మార్చి వాస్తు మార్చకపోవడం మనకు కొత్త కాదు.

ఇంతా చేసి మీకు ఆ అంకె రాసే అధికారం ఉందా? లేదు. ఆ ఫైలు రూట్ అనే సర్వాధికారి ఆస్తి. మీ బల్ల మీద, మీ డబ్బుతో కొన్న యంత్రంలో, మీ కళ్లకు పడే వెలుగు తగ్గించుకోవడానికి మామూలు వాడుకరికి హక్కు లేదు. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు దొడ్డిదారిన సహాయక ప్రోగ్రాములు పెట్టుకుని నెట్టుకొచ్చాయి. లాగిన్ అయిన మనిషి మర్యాదగా అడిగితే వెలుగు మార్చే ఏర్పాటు సిస్టమ్‌డీలోకి 2019లో గానీ రాలేదు.

ఇదంతా చదివి లినక్స్ రాసేవాళ్ల మీద విరుచుకుపడకండి. ఈ చిక్కుముడిని ఊడదీసిందీ వాళ్లే. అప్పట్లో రెడ్ హ్యాట్‌లో పనిచేసిన హాన్స్ డి గోడ అనే డెవలపర్ ఏ యంత్రంలో ఏ దొర నిజంగా పనిచేస్తాడో తేల్చే నియమాలన్నీ ఒక్కచోటికి తెచ్చారు. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1 నుంచి ల్యాప్‌టాప్ తెరకు ఒకే దొర కుర్చీలో కనిపించాలని పద్ధతి ఏర్పడింది. విండోస్ 8 నాటి నుంచి లెక్కేస్తే పదేళ్లు. ఇందులో అసలు ముద్దాయి వేరే ఉన్నాడు. ఒక్క విండోస్ మీద వెలిగించి చూసి, వెలిగింది కదా అని డబ్బా మూసేసిన తయారీదారు. వాడి తప్పులను ఒక్కొక్క మోడల్ పేరునా జాబితాలో రాసుకుని, ఒక్కొక్కదానికీ వేరే మందు వేసుకోవలసిన ఖర్మ మాత్రం పరాయి దేశంలో కూర్చున్న ఇంకెవరికో పట్టింది.

రెండో ముద్దాయి కొనుగోలుదారు. ఎప్పుడో ఒకటి కొనే మామూలు మనిషిని అనడం లేదు. లక్షల్లో కొనే ప్రభుత్వాల సంగతి చెబుతున్నాను. టెండరులో ప్రాసెసరు ఎంత, మెమరీ ఎంత, మూత మీద ఎవరి బొమ్మ అని వివరంగా రాస్తారు. ఇచ్చే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ తెర వెలుగు తగ్గుతుందా, మూత మూస్తే దీపం నిజంగా ఆరుతుందా అని ఒక్క వాక్యం చేర్చడానికి ఎంత సిరా కావాలి? లక్షల ఆర్డరు చేతిలో ఉన్నవాడు అడిగితే ఏ తయారీదారూ కాదనడు. అడగకపోతే ఏ తయారీదారూ తనంతట తాను చేయడు.

తమిళనాడు అయినా, ఆంధ్రప్రదేశ్ అయినా, తెలంగాణ అయినా, పిల్లల కోసం కంప్యూటర్లు కొనే ప్రతి అధికారికీ నా అర్జీ ఇది. సంతకం పెట్టే ముందు నమూనా యంత్రాన్ని బల్ల మీద పెట్టించండి. ఇవ్వబోయే ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ వెలుగును అట్టడుగుకు దించి చూడండి, మళ్లీ పెంచి చూడండి, నిద్రపుచ్చి లేపి చూడండి. మూడు నిమిషాల పని. అందులో తప్పిన యంత్రాన్ని వెనక్కి పంపండి.