లెక్క తప్పలేదు

హోలీ నాడు హైదరాబాదులో కారు నడిపేవాడి కళ్లు రోడ్డు మీద కంటే మేడల మీదే ఎక్కువ ఉండాలి. ఇష్టంలేని మనుషుల మీద, బండ్ల మీద రంగులు చల్లొద్దని పోలీసులు పండగకి ముందు ఉత్తర్వులిస్తారు. పేపర్లో వస్తుంది. పెద్దలు చదువుతారు. బెలూన్లు నింపేది మాత్రం పెద్దలు కాదు.

ఆ పొద్దున కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు ఒక క్యాబ్ సడన్ బ్రేకుతో ఆగింది. ముందు అద్దానికి ఎడమవైపు పెద్ద సాలెగూడు. దాని నడిమధ్య రూపాయి బిళ్లంత మేర అద్దం పంచదారలా పొడైపోయింది.

"పైకెల్లి కొట్టిన్రు సార్. బెలూన్‌ల రాయి పెట్టి కొట్టిన్రు" అన్నాడు డ్రైవరు. పాతికేళ్ల కుర్రాడు. చేతులింకా వణుకుతున్నాయి.

రాయి కోసం వాచ్‌మనూ అతనూ రోడ్డంతా వెతికారు. బానెట్ మీద ఎర్రటి రబ్బరు తునక దొరికింది. వైపర్ల దగ్గర కాసిని నీళ్లు, తారు మీద తడి. అంతే. ఆ తడి కూడా ఎండకి మా కళ్లముందే ఆరిపోతోంది.

కొట్టిందెవరో దాచడానికేం లేదు. టెర్రస్ మీద బకెట్లతో ఉన్నది మాస్టారి మనవడు, వాడి జట్టు. మాస్టారంటే ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. గుంటూరు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్నారు. మా దగ్గర లిఫ్ట్ ఆగినా, ట్యాంకు పొంగినా ముందు ఆయన్ని కారణం అడగాలి. బాగుచేసేవాణ్ణి ఆ తరవాత పిలవొచ్చు.

మాస్టారు దిగి వచ్చేసరికి రెండో అంతస్తు వకీలుగారు అప్పటికే భయపెట్టేశారు. అవతలివాళ్ల ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో 125వ సెక్షన్ ఉందనీ, మూడు నెలల దాకా జైలో, 2,500 దాకా జరిమానానో, రెండూనో పడొచ్చనీ చెప్పారు. అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన అద్దం వైపు చూశారు. వంగి ఆ పొడిని వేలితో తాకారు. లేచి సెల్లార్‌లోని బోర్డు మీంచి మెయింటెనెన్స్ బకాయిల కాగితం పీకి, వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీశారు. బకాయిదార్లలో ఒకరిద్దరు ఊపిరి పీల్చుకున్నారు.

"టెర్రస్ నుంచి అద్దానికి 12 మీటర్లనుకుందాం. గాలి అడ్డు వదిలేద్దాం. కిందకొచ్చేసరికి బుడగ వేగం గంటకి 55 కిలోమీటర్లు. నువ్వెంతలో వస్తున్నావు బాబూ?"

"నలభై ఉంటది సార్."

"అంటే అంకుల్, 95 స్పీడ్‌తో తగిలినట్టు కదా?" అన్నాడు మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాడు.

మాస్టారి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లుగా ఈ తప్పు చేసే పిల్లాడి కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. "ఒకటి నిట్టనిలువుగా దిగుతోంది, ఇంకోటి అడ్డంగా వస్తోంది. అలా కూడితే గుండు సున్నా. వర్గాలు కూడి మూలం తియ్యి. 68."

"అరవై ఎనిమిదన్నా తక్వనా సార్?" అన్నాడు డ్రైవరు.

"తక్కువని నేననలేదే! ఆ వేగంతో 160 గ్రాముల క్రికెట్ బంతి వస్తే అద్దం పగిలేదే. నీకు తగిలింది పావుకిలో. కానీ బంతి గట్టిది. ఒక్కచోట, సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా దెబ్బంతా దింపేస్తుంది. నీళ్లు అలా కాదు. తగలగానే రబ్బరు పగులుతుంది, లోపలి నీళ్లు నలిగి, పరుచుకుని, పక్కలకి పారిపోతాయి. అంతా అయ్యేసరికి సెకనులో వెయ్యోవంతులు నాలుగు పడతాయి. దెబ్బ అరచేతికంటే వెడల్పున చెదిరిపోతుంది. పైగా ముందు అద్దం ఒక్క పలక కాదు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు."

ఒక విషయం ఒప్పుకోవాలి. మాస్టారు మనవణ్ణి కాచుకోవడానికి సైన్సుని వంచే మనిషి కాదు. నీళ్ల బుడగ వట్టి అమాయకురాలని కూడా ఆయన అనలేదు. కారు రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి సొట్ట పడొచ్చన్నారు. డ్రైవరు ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పేస్తే డివైడరెక్కొచ్చన్నారు. బైకు మీద వాడైతే పడి చావొచ్చని కూడా ఆయనే అన్నారు.

"కానీ ఇది చూడండి" అని వేలు పెట్టి చూపించారు. "నడుమ పిండి, చుట్టూ బీటలు. ఇది గట్టి వస్తువు పని. వడగళ్లు పడితే ఇలా అవుతుంది. కంకర లారీ వెనక పోతే ఇలా అవుతుంది. నీళ్ల వల్ల కాదు. పాత బీటేదో ఉండి ఉంటుంది బాబూ, తడవగానే నీ కంటపడింది."

"అమ్మతోడు సార్, పొద్దుగాల అద్దం తుడిచిన్నే నేను. అబద్ధమాడ్తలే."

"నువ్వు అబద్ధమాడావనను. పొరబడ్డావంటున్నాను. పిల్లలకి మొన్ననే ఈ పాఠమంతా చెప్పాను. తెలిసే ఆడుకోనిచ్చాను."

ఇంతలో మాస్టారి భార్య మెట్ల మీంచి కేకేశారు. టిఫిను చల్లారిపోతోందట. పనిలో పనిగా, డీప్ ఫ్రిజ్‌లో ఉండాల్సిన బఠాణీల సంచి గట్టు మీద నీళ్లోడుతోందనీ, ఈ ఇంట్లో చెప్పకుండా వస్తువులు కదిపేదెవరో తేలాలనీ అన్నారు. మాస్టారు చెయ్యి ఊపి పంపించేశారు. అక్కడ ఫిజిక్స్ నడుస్తుంటే ఇక్కడ బఠాణీలేమిటి!

సెక్రటరీగారు రాజీగా ఇన్సూరెన్స్ మాట ఎత్తారు. అద్దాలకి తరుగు కొయ్యరని ధైర్యం చెప్పారు.

"తెలుసు సార్. అయినా మొదటి కొంత నా చేతులకెల్లే పోవాలె. క్లెయిమ్ చేస్తే బోనస్ పోతది. ఇయ్యాల పండుగ, షాపులు బంద్. బండి నిలవడితే కిస్తీ ఎవలు కడ్తరు?"

దానికి ఎవరి దగ్గరా లెక్క లేదు. వకీలుగారు కూడా రుజువు లేకుండా సెక్షనేం చేస్తుందని వెనక్కి తగ్గారు. డ్రైవరు ఆ కాగితంలోని అంకెల వైపు కాసేపు చూశాడు.

"నాకు లెక్కలు రావు సార్. కానీ తాకినప్పుడు ఆ చప్పుడు నీళ్లది గాదు" అన్నాడు.

"చప్పుడు రుజువు కాదు బాబూ" అన్నారు మాస్టారు, మెత్తగానే.

అతను తలూపి, బండెక్కి, ఎడమపక్క ఏమీ కనబడని అద్దంతో మెల్లగా వెళ్లిపోయాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నాడు. ఇలాంటి మాస్టారు తనకుండుంటే ఐఐటీలో సీటొచ్చేదన్నాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

అప్పుడు దిగాడు మనవడు. ఒళ్లంతా గులాబీరంగు.

"తాతయ్యా, ఆ అన్న వెళ్లిపోయాడా? మనం డబ్బులివ్వక్కర్లేదా?"

"అక్కర్లేదురా. నీళ్ల బుడగకి అద్దం పగలదు. మొన్న చెప్పానుగా?"

"చెప్పావుగా!" అన్నాడు వాడు హుషారుగా. "నీళ్లయితే చెదిరిపోతాయి, వడగళ్లయితేనే పగులుతుందని. అందుకే రాత్రి పడుకునేముందు డీప్ ఫ్రిజ్‌లో పెట్టేశాం. ఇంకా మూడున్నాయి, చూపించనా?"