దొరగారి తోటలో బుద్ధుడు

పరాయి దేశపు అధికారి బంగళాకి టిబెట్ కళ భలే నప్పుతుంది. గోడకు తంకా పటం, మూలన కంచు తారాదేవి, కాళ్ళ కింద లాసా తివాచీ. వచ్చినవాళ్ళు ‘ఏం అభిరుచండీ!’ అంటే దొరగారు వినయంగా తల వంచుతారు. 1904లో యంగ్‌హస్‌బెండ్ నడిపిన బ్రిటిష్ సేన తుపాకులతో లాసాకి వెళ్ళినప్పుడు వెంట ఉన్న డాక్టర్ వాడెల్ ఆ అభిరుచిని వందల కంచరగాడిదల మీద దింపుకొచ్చాడు.

మా రాజుపాలెంలో ఇది చెబితే ఎవరూ ముక్కున వేలేసుకోరు. మా జిల్లాలోనే అమరావతి ఉంది. బుద్ధుడు కాలచక్ర తంత్రం బోధించిన ధాన్యకటకం అదేనని టిబెట్ వాళ్ళ నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అక్కడికొచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చింది అందుకే. లాసా పక్కన 1416లో కట్టిన డ్రెపుంగ్ మఠానికి ఆ ధాన్యకటకం పేరే పెట్టుకున్నారంటారు. వాళ్ళు పేరుతో సరిపెట్టుకున్నారు. దొరలు అమరావతి స్తూపం రాళ్ళే పట్టుకుపోయారు.

నిజం చెప్పుకోవాలంటే బోణీ మనదే. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అక్కడ కొత్త పట్నం కట్టిస్తుంటే ఇటుకలకనీ రాళ్ళకనీ ఆ స్తూపం దిబ్బ తవ్వారు. సంగతి తెలిసి మెకంజీ దొర వచ్చాడు, బొమ్మలు గీయించాడు. ఆయన కనీసం కాగితం మీదికెక్కించాడు. తర్వాత బందరులో రాబర్ట్‌సన్ అనే అధికారికి కొత్త బజారు సింగారించాలని బుద్ధి పుట్టింది. శిల్పాలు తెప్పించి నడిబజారులో నిలబెట్టి, దానికి తన పేరే పెట్టించుకున్నాడు. 1835లో గవర్నర్ ఫ్రెడరిక్ ఆడమ్ చూసి, వాటిని మద్రాసు పంపమన్నాడు. ఉత్తర్వు కదిలింది గానీ రాళ్ళు కదల్లేదు. చివరికి అలెగ్జాండర్ అనే మరో దొరగారి తోటలో తేలాయి. రాజ్యం వదిలి అడవులు పట్టిన సిద్ధార్థుడు బందరు తోటలో పూలకుండీల నడుమ కాపురం పెట్టాడన్నమాట. అవి మద్రాసు చేరేసరికి ఇరవై ఏళ్ళు. మా మండలాఫీసులో పాసుపుస్తకం కోసం తిరిగేవాళ్ళకి ఇది మరీ ఆలస్యంగా ఏమీ అనిపించదు.

1845లో అమరావతిలో ఎలియట్ దొర తవ్వించిన శిల్పాలు కొన్నేళ్ళు మద్రాసు ఎండలో మాడి, 1859లో లండన్‌కి ఓడెక్కాయి. అక్కడ వాటికి ‘ఎలియట్ పాలరాళ్ళు’ అని పేరు పడింది. మన పలనాటి సున్నపురాయి సముద్రం దాటేసరికి పాలరాయి అయిపోయింది. పైగా దొరగారి ఇంటిపేరు కూడా తగిలించుకుంది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో వాటికి అద్దాల గది, చల్లటి గాలి. మనవాళ్ళు వీసా తీసుకుని వెళ్ళి చూసొస్తున్నారు.

దొరలు పోయారుగా, ఇంకెందుకీ ఏడుపంటారా? మన మండలంలోని కొండమోడులో వృష్ణి వంశపు పంచవీరుల నడుమ సింహరూపంలో కూర్చున్న నరసింహుడి పలక దొరికింది. దక్షిణాదిలో నరసింహుడి తొలి శిల్పాల్లో అదొకటి. దాన్ని ఏ దొరా ఎత్తుకెళ్ళలేదు, మన సర్కారే హైదరాబాద్ మ్యూజియానికి తీసుకెళ్ళింది. ఈలోగా రాష్ట్రం రెండయింది, స్వామి అవతలి వాటాలో పడ్డాడు. దర్శనానికి వెళ్ళే రాజుపాలెం వాళ్ళు శుక్రవారం మాత్రం వెళ్ళకండి. ఆ రోజు మ్యూజియానికి సెలవు.