ఫీజు లేని బడి, ముప్పై ఏళ్ల వాయిదా

అమెరికాలో సర్కారు హైస్కూలుకు ఫీజు ఉండదు. ఈ మాట నమ్మి ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ అంటూ డాలస్ ఉత్తర శివార్లకు చేరిన మనవాళ్లను అడిగి చూడండి, ఫీజు ఎంతో కచ్చితంగా చెబుతారు: ముప్పై ఏళ్ల ఇంటి అప్పు. ప్రతి వీధీ ఏదో ఒక హైస్కూలు హద్దులోకి వస్తుంది. గీతకు ఇవతల ఇల్లుంటే పిల్లవాడు లోపల, అవతలుంటే బయట. అందుకే ఇల్లు చూడబోయిన తెలుగు దంపతులు వంటగది కన్నా ముందు స్కూలు రేటింగు చూస్తారు. పదికి తొమ్మిదుంటే చాలు, కప్పు కారినా ఫర్వాలేదు.

గీత దాటితే ఏమవుతుందో 2011లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో ఒక తల్లికి తెలిసొచ్చింది. తన తండ్రి ఇంటి చిరునామా చూపించి కూతుళ్లను పక్క శివారు బడిలో చేర్పించినందుకు, కాగితాలు తారుమారు చేసిందని జైలుకు పంపారు. చదువు దొంగిలించడం చిన్న నేరమా మరి! పాపం, ఏకలవ్యుడికి వేలితోనే సరిపోయింది.

ఇదంతా రాజ్యాంగబద్ధమే, అనుమానం వద్దు. బడుల ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్నుది. ఖరీదైన ఇళ్లున్న చోట బడికి డబ్బు, లేని చోట నీతిబోధ. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద ప్రాంతపు తల్లిదండ్రులు, తమలో ఒకరైన డెమెట్రియో రోడ్రిగెజ్‌తో కలిసి, ఇదేం న్యాయమని కోర్టుకెక్కారు. చదువు ఈ దేశ రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కేమీ కాదని 1973లో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తేల్చేసింది. ఫుట్‌బాల్ గురించి మాత్రం అలాంటి సందేహం టెక్సస్‌లో ఎవరికీ రాలేదు.

అలెన్ హైస్కూలు కోసం 2012లో ఆరు కోట్ల డాలర్లతో 18 వేల మంది కూర్చునే స్టేడియం కట్టారు. మళ్లీ చదవండి, హైస్కూలు కోసమే. రెండేళ్లు తిరక్కుండానే కాంక్రీటు పగుళ్లిచ్చి అది మూతపడింది, మరమ్మతులయ్యాక 2015లో తెరిచారు. పగుళ్ల కాంట్రాక్టులు మన ప్రాంతానికే సొంతమనుకునేవాళ్లు ఆ గర్వం కాస్త తగ్గించుకోవాలి. హ్యూస్టన్ శివారు కేటీ వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? ఉన్న స్టేడియం పక్కనే 2017లో ఏడు కోట్లు దాటిన ఖర్చుతో ఇంకొకటి లేపారు. పాత విద్యార్థులు బడికి తిరిగొచ్చే హోమ్‌కమింగ్ వారం వచ్చిందంటే ఆడపిల్లల గుండెల మీద పళ్లెమంత కృత్రిమ చామంతి, దానికి మోకాళ్లు దాటే రిబ్బన్లు, గంటలు, ఎలుగుబంటి బొమ్మలు. గంగిరెద్దుల వాళ్లు చూస్తే ముక్కున వేలేసుకుంటారు. ఈ సందడి మధ్యనే, ఆల్జీబ్రాకీ కెమిస్ట్రీకీ నడుమ, కాల్పులు జరిగితే ఎలాగో నేర్పడానికి తలుపులు బిగించి లైట్లార్పి మూల నక్కి కూర్చునే డ్రిల్లు కూడా ఉంటుంది. 1999లో కాల్పులు జరిగిన కొలంబైన్ కూడా ఇలాంటి శివారు బడే. రేటింగులో ఆ డ్రిల్లుకు మార్కులుండవు.

అసలు వినోదం ర్యాంకుల దగ్గరుంది. టెక్సస్ 1997లో ఒక చట్టం చేసింది: ఏ బడిలోనైనా సరే, మొదటి పది శాతంలో నిలిచిన పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటు. పేద బడుల పిల్లలకూ తలుపు తెరుచుకోవాలన్నది ఉద్దేశం. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి ఆ పది శాతం కుదించుకుపోతూ వచ్చి, 2026 ఫాల్ ప్రవేశాలకు 5 శాతమైంది. ఇప్పుడు లెక్క వేసుకోండి. జిల్లాలోని ర్యాంకర్ తల్లిదండ్రులంతా కలిసి ఒకే బడి గీత లోపల ఇళ్లు కొన్నారు. అందరి పిల్లలూ మొదటి 5 శాతంలోనే ఉండాలట! ఏ గణితం ఒప్పుకుంటుంది? కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. గీత అవతల చవక ఇంట్లో ఉండుంటే మొదటి వరసలో నిలిచే పిల్ల, ఇక్కడ పన్నెండో శాతంలో పడి బిక్కుబిక్కుమంటోంది.

దీనికి విరుగుడు కూడా మనవాళ్లే కనిపెట్టారు. ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులకు జీపీఏలో (మార్కుల సరాసరిలో) తూకం ఎక్కువ కనుక దొరికినన్ని ఏపీలు. ఒక్కో పరీక్షకు దాదాపు వంద డాలర్లు, వసూలు చేసేది లాభాపేక్ష లేని సంస్థ. తూకం లేని బొమ్మల క్లాసు తీసుకుంటే సరాసరి పడిపోతుందని మానిపిస్తారు. పిల్ల బొమ్మలు బాగా వేస్తుందన్న సంగతి అప్లికేషన్ వ్యాసం రాసేటప్పుడు గుర్తొస్తుంది. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ రెసిడెన్షియల్ కాలేజీల నుంచి బతికి బయటపడిన తరం, అట్లాంటిక్ దాటొచ్చి మేడ మీద గదిలో ఒకటి తెరిచింది. తేడా ఒక్కటే. ఇక్కడి వార్డెన్‌ను పిల్లలు డాడీ అంటారు.

ఆ డాడీకి ఇంకో గౌరవం కూడా ఉంది. హెచ్1బీ వీసా మీద ఉన్నన్నాళ్లూ స్టేడియాల కోసం అప్పు తెచ్చే బాండ్ల వడ్డీకి పన్ను కడతాడు, ఆ బాండ్ల మీద ఓటు మాత్రం వేయలేడు. ఓటొచ్చాక, బాండ్ల ఎన్నిక ఎప్పుడో కనుక్కోడు. ఆట చూడటానికీ వెళ్లడు, శుక్రవారం సాయంత్రం మ్యాథ్ ట్యూషన్ ఉంటుంది కదా!

అయ్యా, అమ్మా, ఓటున్నవాళ్లు ఈసారి బాండ్ల బ్యాలెట్ చదివి వేయండి. లేనివాళ్లు స్కూల్ బోర్డు మీటింగుకు వెళ్లి పేరు రాసివ్వండి, తూకం లేని ఆ బొమ్మల క్లాసు గురించైనా అడగండి. మైకు దగ్గర వీసా కాగితాలు చూపించమనరు.